కర్పూరం ఆర్పని మామ

మాఘమాసం, శనివారం సాయంత్రం. కరోనా వచ్చిన రెండో ఏడాది. మర్నాడు మున్సిపల్ ఎన్నికల పోలింగు. స్థలం: విమల ఇంటి వసారా. ఉన్నవారు: విమల, మా మేనమామ కూతురు, ఆ వార్డులో స్వతంత్ర అభ్యర్థి; శంకర్, వాడలోని మా కులసంఘం అధ్యక్షుడు; అతని వెంట సంఘం మనుషులు ఇద్దరు; శంకర్ తల్లి గంగవ్వ, ఎవరూ పిలవకుండా వచ్చింది; నేను. అందరికీ మాస్కులు ఉన్నాయి. గంగవ్వ మాస్కు గదవ కింద ఉంది.

ఆ రోజు డైరీ ఇలా మొదలవుతుంది. డైరీ రాయడం మొదలుపెట్టిన నాటి నుంచీ నాకిదే అలవాటు. మొదట రోజు, తర్వాత ఉన్నవారి పేర్లు, ఆ తర్వాత ఏం తిన్నానో, ఏం జరిగిందో. మనసులో ఏమనుకున్నానో రాయడం మాత్రం చాలా ఆలస్యంగా, సూరత్ పక్క పల్సానాలో బట్టల ప్రాసెసింగ్ మిల్లు నుంచి రిటైరయ్యాక నేర్చుకున్నాను. అంచేత నా పాత డైరీలు తెరిస్తే జీవితంలో పెద్ద దెబ్బ తగిలిన రోజున కూడా బీరకాయ కూర వండారని ఉంటుంది తప్ప దెబ్బ ఎలా తగిలిందో ఉండదు. అది జ్ఞాపకంలోంచే తీసి రాయాలి.

ఆల్థాన్‌లో మా అబ్బాయి ఇంటి నుంచి ఆ సాయంత్రం మా తెలుగు నేతపనివాళ్ళ వాడకు వెళ్ళాను. జబ్బు భయంతో ఏడాదిగా అటు కాలు పెట్టలేదు. విమల వసారాలో అడుగుపెట్టగానే కుర్చీ కంటే ముందు గోడ మీది చెక్క పలక కనిపించింది. పాత సాంచా విప్పినప్పుడు మిగిలిన పట్టెతో మా రాజేశం మామ చేసిన పలక అది. సాంచా అంటే మా వాళ్ళ మాటలో కరెంటు మగ్గం. ఏళ్ళ తరబడి నూనె తాగిన కర్ర కావడంతో నల్లగా నిగనిగలాడుతుంది. దాని నిండా వరసగా మేకులు, కొన్ని ఖాళీవి, మిగతా ఒక్కో మేకుకు ఒక తాళంచెవి, ఒక్కో తాళంచెవికి ఒక రంగు దారం. మాస్కు వేసుకున్నా నూనె వాసన ముక్కుకు తగిలింది. నిజంగా తగిలిందో, అనుకున్నానో చెప్పలేను. ఆ వాసనతో బాటు నా పంతొమ్మిదో ఏడు వచ్చి పక్కన కూర్చుంది.

ఆ ఏడే నేను కరీంనగర్ వైపు మా పల్లె నుంచి రైలెక్కి సూరత్‌లో మామ ఇంట్లో దిగాను. మామది గదిన్నర ఇల్లు. గదిలో మామ, అత్తమ్మ, నాలుగేళ్ళ విమల. అర గదిలో పొయ్యి, నీళ్ళ కుండలు, నేను. వాడలో రాత్రీ పగలూ సాంచాల చప్పుడే. మొదటి వారం నిద్ర పట్టలేదు. ఆ తర్వాత కరెంటు పోయి చప్పుడు ఆగినప్పుడే మెలకువ వచ్చేది. తెల్లారగానే అత్తమ్మ జొన్నరొట్టెలు తట్టేది, పచ్చిపులుసు కలిపేది. ఆ పని కాగానే గడపలో చాప వేసుకుని శేఠ్ ఇంటి నుంచి వచ్చిన చీరల మీద మెరుపు బిళ్ళలు అంటించేది. జిగురు వాసన, కాలిన రొట్టె వాసన, మోరీలో మురుగు వాసన కలిసి వాడకొక సొంత వాసన ఉండేది. ఇప్పుడు ఎక్కడైనా జిగురు డబ్బా మూత తీస్తే నాకు ఆకలి వేస్తుంది.

మామ పగటి షిఫ్టు దిగి ఇంటికి వచ్చేసరికి కనుబొమలకు దారపు నూగు పట్టి ముసలివాడిలా కనిపించేవాడు. స్నానం చేశాక మళ్ళీ ముప్ఫై ఐదేళ్ళవాడయ్యేవాడు. ఆయన దేవుణ్ణి నమ్మేవాడు కాదు. ఆ సంగతి చాటుకునేవాడూ కాదు, దాచుకునేవాడూ కాదు. అత్తమ్మకు దేవుడి అలమర ఆయనే స్వయంగా చేసి ఇచ్చాడు, గరుకు లేకుండా కర్రను రుద్ది రుద్ది. ఆమె నైవేద్యం పెట్టిన బెల్లం ముక్క చేతికిస్తే తినేవాడు. "బెల్లం ఏం పాపం చేసింది?" అనేవాడు. ఒకరోజు నేను ఉండబట్టలేక అడిగాను, దేవుడు ఎందుకు లేడంటావు మామా అని.

"లేడని నేనెక్కడన్నరా? నాకు అగుపడలే అంటున్న. నీకు అగుపడితే జర చెప్పు, సాంచా బందు పెట్టి ఉరికొస్త."

అంతకు మించి ఆ విషయం మీద ఆయన మాట్లాడగా నేను వినలేదు.

ఇక తాళంచెవుల సంగతి. పెళ్ళిళ్ళ కాలం వస్తే వాడ సగం ఖాళీ అయ్యేది. కుటుంబాలకు కుటుంబాలే ఊళ్ళకు వెళ్ళిపోయి నెలకో నెలన్నరకో తిరిగి వచ్చేవి. ఇంటికి తాళం వేస్తే దొంగల భయం కంటే మా వాళ్ళకు ఇంకో బెంగ ఎక్కువ. దేవుడి దగ్గర దీపం ఆరిపోతుందే అని. చుట్టాలకు తాళంచెవి ఇద్దామంటే ఏ చుట్టానికి ఇస్తే ఏ చుట్టానికి కోపం వస్తుందో తెలియదు. పైగా ఇచ్చినవాళ్ళు పెట్టెలు తెరిచి చూస్తారన్న అనుమానం. అలా తిరిగి తిరిగి తాళంచెవులన్నీ రాజేశం మామ దగ్గరికి చేరేవి. దీనికి తర్కం గంగవ్వ చెప్పింది. అప్పటి సంఘం పెద్ద మల్లయ్య భార్య ఆమె. వాడలో నోరున్న మనిషి.

"వాడు దేవున్నే సూడడు. నా పెట్టె ఏం సూస్తడు?"

తాళాలు కలిసిపోకుండా మామ ఒక్కో ఇంటికి ఒక్కో రంగు దారం కట్టాడు. మగ్గం కింద పడే పోగులకు కొదవ లేదు కదా. గంగవ్వ ఇంటిది చిలకపచ్చ. రోజూ షిఫ్టు దిగి, తలస్నానం చేసి, తడి జుట్టుతోనే నూనె సీసా, వత్తుల పొట్లం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి దీపాలు వెలిగించి వచ్చేవాడు. చలికాలం కూడా తలస్నానమే. ఓసారి జలుబుతో ముక్కు కారుతూ తల మీద చెంబు కుమ్మరించుకున్నాడు. నాకు నవ్వొచ్చింది. "నమ్మవు గదా మామా, ఈ తానం ఎందుకు? నువ్వు చేసినవో లేదో సూసెటోడు కూడా లేడు" అన్నాను. ఆయన తల తుడుచుకుంటూ, "తానం చేసి ముట్టియ్యమన్నరు. తానం లేకుంట ముట్టిస్తే అది నేను ఒప్పుకున్న పని కాదు" అన్నాడు. అప్పుడు ఆ జవాబు నాకు చాదస్తంగా తోచింది.

వార్డు ఎన్నికలకు నిలబడమని ఆయన్ను అడిగింది కూడా వాడవాళ్ళే. గుజరాతీ చదవడం రాయడం వచ్చిన మనిషి, అర్జీలు రాసి ఆఫీసుల చుట్టూ తిరిగే మనిషి మాలో ఆయనొక్కడే. అందరి నోటా ఒకటే మాట, మోరీ గురించి. వానాకాలం మోరీ పొంగి వంట గదుల్లోకి వచ్చేది. మన మనిషి ఒకడు కుర్చీలో ఉంటే అది బాగుపడుతుందని ఆశ. మామ రెండు రోజులు ఆలోచించి సరేనన్నాడు. అత్తమ్మ కొత్త చొక్కా కుట్టించింది. నేను గోడల మీద రాతలు రాశాను. నా అక్షరాలు బాగుంటాయి.

అయితే మా వాడలో ఒక ఆచారం ఉండేది. సంఘానికి కార్యదర్శి కావాలన్నా, చిట్టీ నడపాలన్నా, ఎన్నికలో నిలబడాలన్నా సోమవారం నాడు మార్కండేయుడి గుడి ముందు పళ్ళెంలో కర్పూరం వెలిగించి, మాట తప్పనని చెప్పి, మంటను అరచేత్తో ఆర్పాలి. గుడి అంటే వీధి మొదట్లో ఉన్న చిన్న గది. కర్పూరం ఆర్పి మాట తప్పినవాడి వంశం ఆరిపోతుందని నమ్మకం. అదే వార్డులో నిలబడ్డ బట్టల దుకాణం ఆసామి ఒకాయన ముందే వచ్చి, తెలుగు రాకపోయినా చక్కగా కర్పూరం ఆర్పి, అందరికీ పేడాలు పంచి వెళ్ళాడు. తర్వాత మామ వంతు. మల్లయ్య పళ్ళెం పట్టుకుని నిలబడ్డాడు. వీధి వీధంతా నిండి ఉంది.

మామ కొత్త చొక్కా చేతులు మడుచుకుని, "మల్లన్నా, మోరీ బాగు చేయించేదాక ఇడవ అని ఈడున్నోళ్ళందరి ముంగట చెప్తున్న. కర్పూరం మాత్రం ఆర్ప" అన్నాడు.

"అరె, చెయ్యి కాలుతదా ఏంది?" అని ఎవరో అంటే జనం నవ్వారు.

మల్లయ్య నవ్వలేదు. ఆయన మామకు శత్రువు కాదు. ఆ నెలలోనే ఇంటి తాళం మామకిచ్చి ఊరెళ్ళి వచ్చిన మనిషి. మెల్లగా అడిగాడు. "రాజేశం, ఇల్లు నీ చేతుల పెట్టిన్నాడు నాకు భయం లేదు. నా ఇంట్ల తప్పు చేస్తే నీకు నేనున్న, అడుగుత. రేపు కుర్సీల గూసున్నంక నిన్ను అడిగెటోడు ఎవడు? మాకైతే పైన ఒకడున్నడని భయం. నువ్వు ఎవనికి భయపడతవు?"

"మీకే" అన్నాడు మామ. "అయిదేండ్లకోసారి."

మంచి జవాబని నేను అనుకున్నాను. జనం అలా అనుకోలేదు. పళ్ళెంలో కర్పూరం ఎవరూ ఆర్పకుండానే కాలి కాలి దానంతటదే ఆరిపోయింది. అది చూసి కొందరు ఆడవాళ్ళు గుండె మీద చెయ్యి వేసుకోవడం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.

అప్పట్లో నాస్తికుడు అన్న మాట వాడలో ఎవరికీ తెలియదు. "దేవుడు లేనోడు" అనేవారు. తల్లి లేనోడు, ఇల్లు లేనోడు అన్నట్టే, కొంచెం జాలితో. ఎన్నిక దగ్గర పడేకొద్దీ ఆ జాలి కరిగిపోయింది. రాజేశం దేవుడి దీపానికి బీడీ ముట్టించుకుంటాడని పుకారు పుట్టింది. ఆయన బీడీ తాగడని అందరికీ తెలుసు. అయినా ఆ మాట నిలబడింది. ఇంకో పుకారు, గెలిస్తే గుడి గదిని మూసేయించి అక్కడ అర్జీల ఆఫీసు పెడతాడని. అత్తమ్మతో నీళ్ళ దగ్గర మాట్లాడడం మానేసినవాళ్ళు ఉన్నారు. ఆమె రోజూ పూజ చేసే మనిషి. దేవుడి ముందు కూర్చుని గట్టిగా దెబ్బలాడేది. "నువ్వన్న ఒక్కపారి అగుపడరాదయ్యా ఆయనకు, నా పానం తినకుంట!"

అయినా మామ గెలుస్తాడని నాకు గట్టి నమ్మకం. దానికి నా దగ్గర లెక్క ఉంది. ఇంత గోలలోనూ ఒక్కరంటే ఒక్కరు వచ్చి తమ తాళంచెవి వెనక్కి తీసుకోలేదు. దీపానికి బీడీ ముట్టిస్తాడన్నవాళ్ళ తాళాలూ ఆ పలక మీదే ఉన్నాయి. కార్ఖానాలో తాకాలు, అంటే నేసిన బట్టల ముక్కలు లెక్కపెట్టే గుమాస్తా పని నాది. లెక్కపెట్టడం తప్ప నాకు వేరే విద్య లేదు. పలక ముందు నిలబడి రంగు రంగుకూ ఇల్లు, ఇంటింటికీ ఓట్లు వేసుకుంటూ కాగితం నింపి మామకు చూపించాను. "గెలుస్తున్నం మామా!" అన్నాను. ఆయన కాగితం అంతా శ్రద్ధగా చదివాడు. నా అక్షరాలను మెచ్చుకున్నాడు. చదివాక నవ్వాడు.

"చావి ఇచ్చినోడల్ల ఓటిస్తడార పిచ్చోడా? చావి ఇంటిది. ఓటు ఊరిది."

ఓట్ల లెక్కింపు రోజున నా డైరీలో ఉన్నది ఇదీ: "మామ ఓడిపోయాడు. బాగా తేడాతో. రాత్రికి బీరకాయ." వాడ ఓట్లు వాడ మనిషికి పడలేదని పెట్టెలు విప్పినప్పుడే తెలిసిపోయింది. మామ ఇంటికి వచ్చి చొక్కా విప్పి మడతపెట్టాడు, ఆ రోజు ఊళ్ళో లేనివాళ్ళ ఇళ్ళు గుర్తు చేసుకున్నాడు, తలస్నానం చేసి నూనె సీసా పట్టుకుని బయల్దేరాడు.

మర్నాటి సంగతి డైరీలో లేదు, కానీ నాకు అన్నిటికంటే బాగా గుర్తుంది. తెల్లవారుతూనే గంగవ్వ మా గడప ముందు నిలబడింది. నెత్తిన మూట, చంకలో పసివాడు, చేతిలో చిలకపచ్చ దారం కట్టిన తాళంచెవి. "మా అక్కబిడ్డ లగ్గం, రాజేశం. దీపం జర సూడు" అంది, ఎప్పటిలాగే. ఓటు సంగతి ఆమె ఎత్తలేదు. మామ "నూనె ఉన్నదా ఇంట్ల, నేను తీస్కపోవాల్నా?" అని మాత్రం అడిగి తాళంచెవి అందుకుని మేకుకు తగిలించాడు. ఆమె వీధి మలుపు తిరిగేదాకా అత్తమ్మ ఓపిక పట్టింది. తిరగగానే జిగురు గిన్నె విసిరికొట్టింది.

"సిగ్గు లేదు, శరం లేదు! ఓటెయ్యనోళ్ళ ఇంటికి దీపం ముట్టిస్తవా? పారేయ్ ఆ చావి మోరీల!"

"ఓటు ఆమెది" అన్నాడు మామ, కింద పడ్డ జిగురు తుడుస్తూ. "మాట నాది."

ఆసామి గెలిచాడు. చెడ్డవాడేం కాదు, వీధికి ఒక నల్లా వేయించాడు. మోరీ మాత్రం అలాగే ఉంది. మామ మళ్ళీ ఎన్నికలో నిలబడలేదు, దీపాలూ మానలేదు. ఆయన పోయాక ఆ పలక విమలకు వచ్చింది. పలకతో బాటు తండ్రి స్వభావం కూడా దానికి అంటుకున్నట్టుంది. చిన్నప్పుడే నన్ను "బావా, దేవుడు గుడికే వస్తడా, సాంచా కాడికి గూడ వస్తడా?" అని అడిగి అత్తమ్మ చేత మొట్టికాయలు తిన్న పిల్ల. నర్సు చదివింది, వాడకు దగ్గరలోనే ఓ ప్రసూతి ఆసుపత్రిలో చేరింది, వాడలో సగం మందిని మొదట చేతిలోకి తీసుకున్నది అదే.

మొదటి లాక్‌డౌన్‌లో సాంచాలు ఆగిపోయినప్పుడు వాడలో అంత నిశ్శబ్దం ఎవరూ ఎరగరు. నేను ఆల్థాన్‌లో గది దాటకుండా కూర్చుని ఫోనులోనే అంతా విన్నాను. బండి దొరికినవాళ్ళు బండెక్కి, దొరకనివాళ్ళు దొరికేదాకా ఎదురుచూసి, వాడంతా ఊళ్ళ దారి పట్టింది. వెళుతూ వెళుతూ ఒక్కొక్కరే విమల గడపలో, ముట్టుకోకూడదు కనుక దూరం నుంచి, తాళంచెవి విసిరి వెళ్ళారట. గుళ్ళు మూసేశారు. పూజారి కూడా ఊరు వెళ్ళిపోయాడు. మార్కండేయుడి గది తాళంచెవి కూడా చివరికి విమల దగ్గరికే వచ్చింది. అది డ్యూటీ దిగి, తలస్నానం చేసి, మాస్కు కట్టుకుని ఇల్లిల్లూ తిరిగి దీపం వెలిగించి, ఫోనులో వీడియో తీసి ఊళ్ళలో ఉన్నవాళ్ళకు పంపేది. పల్లెలో బడి గదిలో విడిగా ఉంచిన గంగవ్వ, విమల వీడియో కాల్ చేస్తే కొడుకు ఫోనులో తన ఇంటి దీపం చూసి ఫోనుకే దండం పెట్టిందట. విమలే నవ్వుతూ నాకు చెప్పింది. "నేనేమో ఆమెకు ఫోటోల దేవుళ్ళను సూపెట్టిన. ఆమె మాత్రం 'పిల్లా, గట్ల బక్కగైనవేంది?' అని నన్ను అడిగింది బావా."

అలా ఆ విమల ఎన్నికలో నిలబడింది. మోరీ ఇంకా ఉంది. దవాఖానా లేదు. జబ్బు ముదిరిన రోజుల్లో మనిషిని ఎక్కడికి తీసుకెళ్ళాలో చెప్పే దిక్కు లేక వాడ ఎంత అల్లాడిందో అది కళ్ళారా చూసింది. జనం మొదట్లో బాగానే వెంట నడిచారు. చివరి వారంలో ఫోన్లలో ఒక మెసేజ్ తిరిగింది. విమల ఫోటో, కింద "దేవుడిని నమ్మని అభ్యర్థికి మీ ఓటా?" అని. బీడీ పుకారు చెవి నుంచి చెవికి చేరడానికి వారం పట్టింది. ఇది ఒక్క పూటలో చేరింది. మామ కాలంలో ఆ మాట అన్నవాడు ఎదురుపడితే తల దించుకునేవాడు. ఇప్పుడు ఎవరు అన్నారో తెలియనే తెలియదు. ఇంతకు మించి తేడా నాకు కనిపించలేదు.

శనివారం సాయంత్రం శంకర్ అందుకే వచ్చాడు. గంగవ్వ చంకలోని ఆ పసివాడే ఇప్పుడు సంఘం పెద్ద. బట్టతల, మంచి మనిషి. విమల గెలవాలని నిజంగా కోరుకున్నవాడు. కుర్చీ అంచున కూర్చుని మాస్కు సర్దుకుంటూ అన్నాడు.

"అక్కా, నా ఇశ్వాసం నీ మీదనే ఉన్నది. కానీ మందికి నేనేం చెప్పాలె? ఇప్పుడే గుడికాడికి రా. ఒక్కపారి కర్పూరం ఆర్పు. ఫోటో తీసి గ్రూపుల ఏస్త. అవతలోని నోరు బంద్."

"నేను నమ్మ గదా శంకర్."

"నమ్మకున్నా పర్వలే. కర్పూరమే గద!"

"నమ్మకుంట ఆర్పితే దొంగ ఒట్టయితది. నీ దేవుని ముంగట నన్ను దొంగ ఒట్టు పెట్టమంటున్నవా?"

వెంట వచ్చిన ఇద్దరిలో పెద్దాయన అందుకున్నాడు. "గట్ల కాదు బిడ్డా. దేవుని భయం లేనోళ్ళ మాట మీద మంది ఎట్ల నిలవడతరు?"

విమల లేచి పలక దగ్గరికి వెళ్ళి ఒక తాళంచెవిని వేలితో కదిలించింది. "ఇది నీ ఇంటిదే గదా బాపూ, నీలి దారం, నువ్వింక తీస్కపోనే లేదు. ఇది ఇచ్చిన్నాడు అడగలేదు మరి?"

"అది ఇల్లు అక్కా" అన్నాడు శంకర్, తల వంచుకుని. "గిది కుర్సీ."

గుడి ముందు వాళ్ళ నాన్న మల్లయ్య అన్న మాటే అది, కాస్త పొట్టిగా. ఆ రోజున శంకర్ ఇంకా మాటలు రాని పసివాడు. మనుషులు పోతారు, వాళ్ళ అనుమానాలు మాత్రం ఎవరూ నేర్పకుండానే పిల్లల నోట్లోకి వస్తాయి. వాళ్ళ మీద నాకు కోపం రాలేదు. ఏ పోలీసూ ఏ కోర్టూ తమ మాట వినని పరాయి ఊళ్ళో బతికిన జనానికి, ఒట్టు ఒక్కటే చేతిలో ఉన్న చట్టం. దాన్ని వద్దన్న మనిషిని చూస్తే కాళ్ళ కింద నేల కదిలినట్టు ఉంటుంది. అదే ఊళ్ళో నా మామలాంటి మనిషి ఒక జీవితమంతా తడి జుట్టుతో తిరిగినా ఆ భయం పోలేదు. ఈ రెండూ నిజమే. రెండింటినీ ఒకే పేజీ మీద ఎలా రాయాలో నాకు ఇంకా తెలియదు.

"నారాయణ బావా, నువ్వన్న జర చెప్పు" అన్నాడు శంకర్ నా వైపు తిరిగి. "లెక్కల మనిషివి. నీ లెక్కల ఎట్లున్నది?"

"ఆ పలక చూసి ఒకసారి లెక్క వేశాను శంకర్" అన్నాను. "అప్పటినుంచి మానేశాను."

వాళ్ళు లేచారు. సంఘం తరఫున ఎవరికీ ఏమీ చెప్పబోమని, ఎవరి ఇష్టం వారిదని శంకర్ అన్నాడు. దాని అర్థం మాకు తెలుసు, సంఘం ఓట్లు ఇక రావని. ఇంతసేపూ గంగవ్వ పలక వైపే చూస్తూ కూర్చుంది. వెళ్ళేముందు కర్ర పట్టుకుని పలక దగ్గరికి వచ్చి, తమ చిలకపచ్చ దారపు తాళంచెవి తగిలించే మేకును చేత్తో తడిమింది. అది ఖాళీగా ఉంది. వాళ్ళు ఊరి నుంచి తిరిగి వచ్చి చాలా నెలలయింది మరి. కర్ర ఊనుకుంటూ కొడుకు వెనకాల వెళ్ళిపోయింది.

ఆ రాత్రి నేను అక్కడే ఉండిపోయాను. విమల వంకాయ వండింది. ఓడిపోతే మళ్ళీ డ్యూటీకి పోవాలి గదా అని యూనిఫాం ఇస్త్రీ చేసుకుంది.

మర్నాడు పొద్దున్నే, పోలింగు మొదలయ్యే వేళకు, వీధి మొదట్లో గొడవ వినిపించింది. విమలా నేనూ వెళ్ళేసరికి గుడి గది ముందు జనం గుమిగూడి ఉన్నారు. ఓటుకు బయల్దేరినవాళ్ళు, చేతుల్లో గుర్తింపు కార్డులు. మధ్యలో గంగవ్వ, ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో పళ్ళెం. పళ్ళెంలో కర్పూరం వెలుగుతోంది. శంకర్ "అవ్వా, అవ్వా" అంటూ ఆపబోతే కర్రతో పక్కకు నెట్టింది.

"రాజేశానికి నేను ఓటెయ్యలే" అంది, అందరికీ వినబడేలా. "నా మొగడు ఎయ్యొద్దన్నడు, నేనెయ్యలే. తెల్లారి పోయి చావి ఇచ్చిన. వాడు తీసుకున్నడు. అప్పట్నుంచి ఇయ్యాల్టిదాక నా ఇంట్ల దీపం ఆరలే. ఇగ వాని బిడ్డ కర్పూరం ఆర్పదంట. ఆర్పకపోతే మానె! దానికి దేవుడు లేకుంటే నాకున్నడు. దాని తరుపున నేనార్పుత."

విమల "పెద్దమ్మా!" అని అరిచి ముందుకు ఉరికింది. అప్పటికే ముసలమ్మ అరచెయ్యి మంట మీద అదిమింది. చెయ్యి ఎత్తి మసి అందరికీ చూపించి, కొడుకును కర్ర పట్టుకోమని, మాస్కు ముక్కు మీదికి లాక్కుని ఓటు వరుసలోకి నడిచింది. కొంతమంది ఆమె వెనక వెళ్ళారు. కొంతమంది అక్కడే నిలబడి మాట్లాడుకున్నారు. ఎవరు ఎంతమందో నేను లెక్కపెట్టలేదు.

ఓటు వేసి ఆమె తిన్నగా విమల వసారాకు వచ్చింది. విమల చల్లటి నీళ్ళ గిన్నెలో ఆ చెయ్యి ముంచి, మందు రాస్తూ, ఏడుస్తూ తిట్టింది. "పిచ్చి లేశిందా పెద్దమ్మా నీకు? ఈ వయసుల చెయ్యి కాల్చుకుంటరా?"

"నకరాలు చెయ్యకు" అంది గంగవ్వ. "ఓడితే ఓడితివి. గెలిస్తే మాత్రం ముందుగాల ఆ మోరీ సాఫ్ చేయించు. యాదికుంచుకో, ఒట్టు నాది. నువ్వు మాట తప్పితే దేవుడు నిన్నేం అడగడు. నన్నడుగుతడు. నా కొడుకును, మనుమలను అడుగుతడు."

విమల మందు రాయడం ఆపేసింది. గంగవ్వ చెయ్యి దాని రెండు చేతుల్లో ఉంది. వేలి మీద ఓటు సిరా, అరచేతిలో కర్పూరపు మసి. దాన్ని చూసి, నా వైపు తల తిప్పింది.

"బావా," అంది, "నాకింత భయం ఎన్నడు కాలే."